ఒకే పెట్టెలో వద్దు: పిట్టపిల్లల పెంపకంపై మీ ఉత్తరాలు, నా జవాబులు

గుడ్లు పొదిగించడం నేర్చుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. పిల్లలు బయటికొచ్చాక వాటిని ఎక్కడ పెట్టాలి, ఏం పెట్టాలి అని ముందే ఆలోచించుకున్నవాళ్లు మాత్రం తక్కువ. ఈసారి ఉత్తరాల కట్టంతా దాదాపు అదే గోడు. మొదటి ఉత్తరానికి జవాబు పెద్దదైపోయింది. అలాంటి ఉత్తరాలే మరో నాలుగు వచ్చాయి కాబట్టి కుదించబుద్ధి కాలేదు.

*

అక్కయ్య గారూ, నాలుగు రోజుల తేడాతో ఆరు కోడిగుడ్లు, తొమ్మిది కౌజు పిట్ట గుడ్లు ఒకే ఇంక్యుబేటర్‌లో పెట్టాను. అనుకున్నట్టే అన్నీ ఒకే రోజు పగిలాయి. అట్టపెట్టెలో న్యూస్‌పేపర్ పరిచి, పైన బల్బు కట్టి, అన్నిటినీ కలిపే ఉంచాను. మూడు రోజుల్లో ఐదు కౌజు పిల్లలు పోయాయి. ఒకటి నీళ్ల గిన్నెలో మునిగింది. రెండు తెల్లారేసరికి నలిగిపోయి ఉన్నాయి. ఇంకో రెండు ఏ దెబ్బా లేకుండానే నీరసించి పోయాయి. మిగిలిన నాలుగింటిలో ఒకదానికి కాళ్లు రెండూ చెరో పక్కకీ చాపుకుపోయాయి. కోడిపిల్లలు ఆరూ హుషారుగా ఉన్నాయి. నేనెక్కడ పొరబడ్డాను?
– పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: కాళ్లు చాపుకుపోయిన పిల్ల సంగతి ఆగేది కాదు కనక మీ ఉత్తరం చూసిన రోజే ఆ కట్టు ఎలా వేయాలో విడిగా రాసి పంపాను. మిగతావాళ్ల కోసం ఇక్కడ మళ్లీ చెబుతాను. చర్మానికి అంటించే మెత్తటి బ్యాండేజీని అగ్గిపుల్ల అంత వెడల్పుగా, సన్నని పట్టీలా కత్తిరించాలి. పిల్ల మామూలుగా నిలబడితే కాళ్ల మధ్య ఎంత ఎడం ఉంటుందో అంతే ఎడం ఉండేలా రెండు కాళ్లకూ కలిపి చుట్టాలి. కౌజు పిల్లకైతే అది ఒక సెంటీమీటరు, కొంచెం ఎక్కువ. బిగించకూడదు. కాలివేళ్లు నల్లబడుతున్నట్టు కనిపిస్తే వెంటనే విప్పేయాలి. పుట్టిన మొదటి రెండు మూడు రోజుల్లోనే కట్టు వేస్తే చాలావరకు నాలుగైదు రోజుల్లో సర్దుకుంటుంది. వారం దాటితే ఎముకలు ఆ వంపులోనే గట్టిపడతాయి, అప్పుడు కట్టినా ఫలితం తక్కువ. కట్టుతో ఉన్న పిల్ల తనంతట తాను నీటి దగ్గరికి పోలేకపోవచ్చు. గంటకోసారి దాని ముక్కు కొసను నీటికి తాకించండి, దాణా కూడా నోటిముందే పెట్టండి.

ఆ కాళ్లు అలా కావడానికి కారణం న్యూస్‌పేపర్. ఇంట్లో ఉండేదే కదా అని అందరూ అదే పరుస్తారు. అది నున్నగా ఉంటుంది. అప్పుడే పుట్టిన పిల్ల దానిమీద నిలబడబోతే కాలు జారుతుంది, మళ్లీ లేస్తుంది, మళ్లీ జారుతుంది. మొదటి వారం పాత తువ్వాలు ముక్కో, గరుకుగా ఉండే గుడ్డో పరవండి. దారాలు ఊడుతున్న గుడ్డ వద్దు, ఆ పోగులు వేళ్లకు చుట్టుకుంటాయి. రంపపు పొట్టు కూడా మొదటి వారం వద్దు. ఏది తిండో ఏది కాదో ఇంకా తెలియని వయసులో పొట్టునే దాణా అనుకుని కడుపు నింపుకుంటాయి.

ఇక మీరు అడిగిన పొరపాటు. రెంటినీ ఒకే పెట్టెలో పెట్టడమే.

నేను వంటింటి త్రాసు మీద తూచి నోట్‌బుక్‌లో రాసుకున్న లెక్కలున్నాయి. పుట్టిన రోజు కోడిపిల్ల 38 గ్రాములు, 41 గ్రాములు. కౌజు పిల్ల 7, 8 గ్రాములు. అంటే ఒక్క కోడిపిల్ల ఐదు కౌజు పిల్లల బరువు. కోడిపిల్లలు నిద్రపోయేటప్పుడు ఒకదాని మీద ఒకటి ఒరిగి పడుకుంటాయి. వాటికది సుఖం. అడుగున కౌజు పిల్ల ఇరుక్కుంటే అరిచే సత్తువ కూడా ఉండదు. మీకు పొద్దున కనిపించిన రెండూ అలా పోయినవే. పైగా కోడిపిల్ల తన ముందు చిన్నగా కదిలే దేన్నైనా పొడిచి చూస్తుంది. కౌజు పిల్ల కన్ను, కాలివేలు దానికి పురుగులాగే కనిపిస్తాయి.

నీళ్ల గిన్నె సంగతి. కోడిపిల్ల తడిసి బయటపడే లోతులో కౌజు పిల్ల మునిగిపోతుంది. వెడల్పు తక్కువ మూత తీసుకుని, అందులో గోళీలో, కడిగిన గులకరాళ్లో నింపి, ఆ సందుల్లో మాత్రమే నీళ్లు కనిపించేలా పోయండి. మునగకపోయినా ఒళ్లంతా తడిస్తే చాలు, చలికి ఒణికి చచ్చిపోతుంది. పది రోజుల తర్వాత గోళీలు తీసేయవచ్చు.

ఏ దెబ్బా లేకుండా నీరసించి పోయిన రెండింటి గురించి. పిల్ల పుట్టేముందు పచ్చసొనను పొట్టలోకి లాక్కుంటుంది. దాని బలంతో రెండు రోజులు గడిచిపోతాయి. అందుకే మొదటి రోజు తినకపోయినా మనకేమీ తేడా తెలియదు. మూడో రోజుకి ఆ నిల్వ ఖాళీ అవుతుంది. అప్పటికి తినడం నేర్చుకోని పిల్ల అక్కడే ఆగిపోతుంది. మీరు కోడిపిల్లలకు మొదట్లో వేసే స్టార్టర్ దాణాయే అన్నిటికీ వేసి ఉంటారు. ఆ పలుకు కౌజు పిల్ల ముక్కుకు పెద్దది. మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి, బరక పిండిలా చేసి వేయాలి. పోషణలోనూ తేడా ఉంది. కోడిపిల్లలకు 20 శాతం అటూ ఇటూగా మాంసకృత్తులున్న దాణా సరిపోతుంది. కౌజు పిల్లలకు 24 నుంచి 28 శాతం కావాలి. ఆరేడు వారాలకే గుడ్డు పెట్టే పిట్ట అది. కోడికి అందుకు నాలుగున్నర, ఐదు నెలలు పడుతుంది. అంత తొందరగా ఎదగాల్సిన ఒంటికి ఆ మేరకు తిండి వేయకపోతే ఎలా?

వేడి కూడా వేరే. మొదటి వారం కోడిపిల్లలకు 32 నుంచి 35 డిగ్రీల సెల్సియస్, కౌజు పిల్లలకు 35 నుంచి 37. ఆపైన వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. థర్మామీటరు పెట్టె గోడకు వేలాడదీస్తే లాభం లేదు, పిల్లల వీపు ఎత్తులో, బల్బు కిందే ఉండాలి. నేనైతే థర్మామీటరు కన్నా ముందు పిల్లల్నే చూస్తాను. బల్బు కింద ఒకదానిమీద ఒకటి ఎక్కి గోల పెడుతుంటే చలి. గోడలకు అంటుకుని, నోళ్లు తెరిచి, రెక్కలు దించేస్తే ఎక్కువ వేడి. పెట్టె అంతా చెల్లాచెదురుగా పడుకుని, మధ్యమధ్య సన్నగా కిచకిచలాడుతుంటే సరిగ్గా ఉన్నట్టు. అందుకే బల్బు ఒక కొసన కట్టాలి. వేడి చాలినవి అవతలి కొసకు పోతాయి, చాలనివి ఇవతలికి వస్తాయి.

బల్బు ఒక్కటే కట్టొద్దు, రెండు కట్టండి. నా రెండో విడత పిల్లలు ఇరవై మూడు, అన్నీ కౌజులే, ఐదో రోజు. రాత్రి పదిన్నరకు చూసి పడుకున్నాను, అన్నీ హాయిగా ఉన్నాయి. ఎప్పుడో అర్ధరాత్రి దాటాక బల్బు మాడిపోయింది. పొద్దున వెళ్లేసరికి చప్పుడు లేదు. ఒక మూలకు పోయి అన్నీ ఒకే కుప్పగా పడి ఉన్నాయి. పైనున్నవి బతికాయి, కింద తొమ్మిది పోయాయి. వాటిని ఒక్కొక్కటిగా విడదీసింది ఈ చేతులే. ఆ రోజే పెట్టె నాలుగు మూలల్నీ అట్టముక్కలు వంచి గుండ్రం చేశాను. మూల లేకపోతే కుప్ప అంత తేలిగ్గా పడదు. అప్పటినుంచి వేర్వేరు తీగల మీద రెండు బల్బులు ఉంటాయి. బల్బును తాడుతో పాటు గొలుసుతో కూడా కట్టండి. ఎండిన పొట్టు మీద బల్బు పడితే ఇల్లే అంటుకుంటుంది. పగలకుండా పైన టెఫ్లాన్ పూత వేసిన బల్బులు దొరుకుతాయి, అవి కొనకండి. వేడెక్కితే ఆ పూత నుంచి వచ్చే ఆవిరి పక్షుల ఊపిరితిత్తులను దెబ్బతీసి చంపేస్తుంది.

పెద్దయ్యాకైనా కలపొచ్చా అని మీరు అడగకముందే చెబుతున్నాను, వద్దు. కౌజులకు పేగుల్లో పుండ్లు పడే ఒక జబ్బుంది, దానికి కౌజు జబ్బు అనే పేరే ఉంది. క్లాస్ట్రిడియం కోలినమ్ అనే సూక్ష్మజీవి దానికి మూలం. కోళ్లు పైకి బాగానే కనిపిస్తూ దాన్ని రెట్టలో మోసుకు తిరగగలవు. కౌజుకు అది సోకితే రెండు మూడు రోజుల్లో మంద మందే ఖాళీ అవుతుంది. గిన్నెలు వేరు, పరుపు వేరు, వీలైతే చెప్పులు కూడా వేరు. ముందు కౌజుల పని చూసుకుని, ఆ తర్వాతే కోళ్ల దగ్గరికి వెళ్లండి.

*

మొదటిసారి కోడిపిల్లల్ని తెచ్చాం. అప్పటిదాకా పరుగెత్తిన పిల్ల ఉన్నట్టుండి బోర్లా పడిపోతుంది, మెడ నేలకు వాల్చేస్తుంది. ముట్టుకుంటే లేస్తుంది. మూర్ఛ జబ్బా?
– ఒక తండ్రి

జవాబు: నిద్ర. అవి అలాగే నిద్రపోతాయి, నడుస్తూ నడుస్తూ కూలబడి. నేనూ మొదట్లో గుండె పట్టుకుని పరుగెత్తుకెళ్లి లేపేదాన్ని. లేపకండి పాపం, వాటికి ఆ నిద్ర చాలా కావాలి. రాత్రిళ్లు పెట్టెలో చీకటిగా ఉంటే మంచిది. మామూలు తెల్ల బల్బు కాకుండా ఎర్ర బల్బు వాడితే నిద్రా పడుతుంది, ఒకదాన్నొకటి పొడుచుకోవడమూ తగ్గుతుంది.

*

అక్కయ్య గారూ, గుడ్డుకి చిల్లు పడి పద్నాలుగు గంటలైంది. పిల్ల లోపల అరుస్తోంది కానీ బయటికి రావట్లేదు. పెంకు ఒలిచెయ్యనా?
– ఆత్రం ఆపుకోలేని పాఠకుడు

జవాబు: ఒలవకండి. కోడిపిల్లకు తొలి చిల్లు నుంచి బయటపడేదాకా ఒక రోజు పట్టినా వింత లేదు. ఆ సమయంలో అది ఖాళీగా ఉండదు. పెంకు లోపలి పొరలో ఉన్న నెత్తురు వెనక్కి లాక్కుంటుంది, పచ్చసొనను పొట్టలోకి తీసుకుంటుంది. మీరు ముందే ఒలిస్తే నెత్తురు కారి ప్రాణం పోతుంది. మూత తీసి చూస్తూ ఉంటే లోపలి తేమ పోయి, పొర ఎండి, పిల్లకు అట్టలా అతుక్కుంటుంది. చూడాలనిపించినా మూత తీయకండి. లోపలి అరుపు మంచి గుర్తే.

*

పన్నెండు రోజుల కోడిపిల్లలు ఎనిమిది. రెండు రోజులుగా మూడు పిల్లలు మోకాళ్ల మీద కూర్చుని పాకుతున్నాయి, కాలివేళ్లు లోపలికి పిడికిలిలా ముడుచుకున్నాయి. బయటి దాణా రసాయనం అని మేం నూకలు తప్ప ఏమీ పెట్టలేదు. స్వచ్ఛమైన తిండి పెట్టినా ఇలా ఎందుకు?
– ఒక గృహిణి

జవాబు: మీ ఉద్దేశం మంచిదే, కానీ పిల్లలకు అందింది పస్తు. నూకలతో కడుపు నిండుతుంది, ఒళ్లు నిండదు. వాటిలో మాంసకృత్తులు పది శాతం కూడా ఉండవు, పిల్లకు కావలసినది దానికి రెట్టింపు. అంతకన్నా పెద్ద లోటు బి2 విటమిన్, అంటే రైబోఫ్లావిన్. అది అందకపోతే కాళ్లకు పోయే నరాలు వాచి దెబ్బతింటాయి. వేళ్లు మీరు రాసినట్టే లోపలికి ముడుచుకుంటాయి. మొదటి మూడు వారాల్లోనే ఎక్కువగా కనిపిస్తుంది.

ఈరోజే స్టార్టర్ దాణాకు మార్చండి. పశువైద్యుణ్ని అడిగి కోళ్లకిచ్చే బి విటమిన్ల మందు నీళ్లలో కలపండి. పడిపోయిన మూడింటికి నోట్లో చుక్కలుగా వేయడమే మేలు, అవి నీటిదాకా పోలేవు కదా. రెండు రోజుల క్రితమే మొదలైంది అంటున్నారు కనక లేచి నడిచే అవకాశం బాగా ఉంది. ఆలస్యమైతే నరం పాడైపోతుంది, ఆ తర్వాత ఎన్ని విటమిన్లు పోసినా వేళ్లు విచ్చుకోవు. ఐదు పిల్లలు బాగున్నాయి కదా అని వాటికి నూకలే కొనసాగించకండి, అవీ అదే దారిలో ఉన్నాయి.

ఈ సందర్భంలోనే ఇంకోమాట. ఇంట్లో పెద్ద కోళ్లున్నవాళ్లు గుడ్లుపెట్టే కోళ్ల దాణానే పిల్లలకూ వేస్తుంటారు. అది ఇంకో చెరుపు. పెంకు గట్టిపడాలని అందులో కాల్షియం నాలుగు శాతం దాకా ఉండేలా చూస్తారు. పిల్లలకు ఒక శాతం చాలు, మిగతాదంతా వాటి మూత్రపిండాల మీద పడుతుంది.

*

పిల్ల వెనక భాగంలో రెట్ట ఎండి గట్టిగా అతుక్కుపోయింది. లాగితే ఈకలు ఊడుతున్నాయి.
– ఒక పాఠకురాలు

జవాబు: లాగకండి, చర్మం చిరుగుతుంది. గోరువెచ్చని నీళ్లలో ముంచిన దూదిని రెండు మూడు నిమిషాలు ఆనించి పెట్టండి, మెత్తబడి దానంతటదే ఊడి వస్తుంది. ఆరబెట్టి, కొంచెం నూనె రాసి, వెంటనే వేడి కిందికి చేర్చండి. అలాగే వదిలేస్తే రెట్ట వేసే ద్వారం మూసుకుపోయి ఒకటి రెండు రోజుల్లోనే చచ్చిపోతుంది కాబట్టి మొదటి వారమంతా ఉదయం, సాయంత్రం ఒక్కో పిల్లనూ తిప్పి చూడాలి. బొడ్డును ద్వారం అనుకుని గిల్లేవాళ్లున్నారు, జాగ్రత్త. బొడ్డు పొట్ట వైపు ఉంటుంది, ద్వారం తోక కింద ఉంటుంది. పెట్టెలో ఇలాంటివి ఒకటికి రెండు కనిపిస్తే వేడి ఎక్కువో తక్కువో అయినట్టే.

*

నెలరోజుల కోడిపిల్లలు. రెట్టలో నెత్తురు పడుతోంది, రెక్కలు వేలాడేసి ముడుచుకుని కూర్చుంటున్నాయి.
– ఇద్దరు పాఠకులు ఇదే రాశారు

జవాబు: ఉత్తరాలతో తేలే సంగతి కాదిది, రెట్ట పట్టుకుని పశువైద్యుడి దగ్గరికి వెళ్లండి. మూడు నుంచి ఆరు వారాల పిల్లల్లో నెత్తురు కనిపిస్తే ముందు అనుమానించాల్సింది రక్తపారుడు, అంటే కాక్సిడియోసిస్. మందుంది, మొదటిరోజే మొదలుపెడితే బతుకుతాయి. ఇది తడి పరుపులో పుట్టుకొచ్చే జబ్బు. నీళ్ల గిన్నె చుట్టూ తడిసిన పొట్టును రోజూ తీసేయండి. పెట్టె మీదికి వంగినప్పుడు తడి రెట్ట ఘాటుకు మీ కళ్లు మండితే పిల్లల కళ్లు అంతకు ముందునుంచే మండుతున్నాయి.

*

ఆంటీ, నేను ఆరో తరగతి. నా కోడిపిల్ల నేను ఎటు వెళ్తే అటే వస్తుంది. ఒక్కటే ఉంది. నా పక్కలో పడుకోబెట్టుకోవచ్చా?

జవాబు: బంగారూ, అది నిన్నే అమ్మ అనుకుంటోంది. పుట్టిన కొత్తలో తన ముందు ఏది కదిలితే దాని వెంటే నడవడం కోడిపిల్ల స్వభావం. డగ్లస్ స్పాల్డింగ్ అనే ఆయన 1873లోనే దీని గురించి రాశాడు. గుడ్డులోంచి రాగానే పిల్లల కళ్లకు చిన్న ముసుగులు వేసి, కొన్నాళ్లకు తీసి చూశాడు. రెండు మూడు రోజులకు ముసుగు తీసిన పిల్లలు ఆయన వెంటపడి నడిచాయి. దాదాపు నాలుగు రోజులు ముసుగులో ఉంచిన పిల్లలు మాత్రం ఆయన్ని చూసి బెదిరి పారిపోయాయి. అంటే నీ పిల్ల సరైన సమయానికి నిన్ను చూసిందన్నమాట.

పక్కలో మాత్రం వద్దు నాన్నా. నిద్రలో నువ్వు ఇటు దొర్లితే అది నలిగిపోతుంది. ఒక్కటే ఉంది అన్నావు, అది నాకు బాధగా ఉంది. నువ్వు బడికి వెళ్లిన గంటలన్నీ అది ఒంటరిగా అరుస్తూనే ఉంటుంది. అమ్మానాన్నల్ని అడిగి, దాదాపు అదే వయసు పిల్లని ఇంకొకదాన్ని తెచ్చుకో. అది వచ్చేదాకా పెట్టెలో చిన్న అద్దం ఒకటి నిలబెట్టు, అద్దంలో పిల్లతో కాసేపు ఊరట పడుతుంది. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కో. ముద్దు పెట్టుకోకు. పిల్ల ఎంత శుభ్రంగా కనిపించినా దాని ఒంటిమీద సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండొచ్చు. ఇంట్లో ఐదేళ్లలోపు తమ్ముడో చెల్లో ఉంటే వాళ్లని పట్టుకోనివ్వకు.

*

పంతొమ్మిది రోజుల కౌజులు. గది తలుపు చప్పుడైతే చాలు నిటారుగా పైకి ఎగిరి పెట్టె మూతకు తల కొట్టుకుంటున్నాయి. రెండింటికి నెత్తి చిట్లింది. వీటిలో మగవేవో కూడా చెబుతారా?
– ఒక పాఠకుడు

జవాబు: బెదిరిన కౌజు పక్కకు పరుగెత్తదు, బాణంలా పైకి లేస్తుంది. రెండో వారం నుంచే ఆ ఎగురుడు మొదలవుతుంది. మూత గట్టిదైతే తీసేసి, మెత్తటి వలను కొంచెం వదులుగా కట్టండి. వల కన్ను చిన్నదిగా ఉండాలి, లేకపోతే తల ఇరుక్కుంటుంది. గూడు కట్టిస్తుంటే ఎత్తు ఒక అడుగు లోపు ఉంచండి, అప్పుడు వేగం అందుకునేలోపే ఆగుతుంది. లేదా మనిషి నిలబడేంత ఎత్తు పెట్టండి. మధ్యస్తం ఎత్తే ప్రాణం తీస్తుంది. చిట్లిన రెండింటినీ మానేదాకా విడిగా ఉంచండి. నెత్తురు కనిపిస్తే మిగతావి అక్కడే పొడుస్తాయి.

మగ, ఆడ తేడా ఇంకో రెండు రోజులు ఆగితే మీకే కనిపిస్తుంది. మామూలు గోధుమరంగు జాతి అయితే మూడో వారానికి మగదాని రొమ్ము ఎర్రమట్టి రంగులో మచ్చల్లేకుండా అవుతుంది, ఆడదాని రొమ్ము మీద నల్ల చుక్కలుంటాయి. తెల్ల జాతి అయితే ఈ గుర్తు పనిచేయదు, ఆరేడు వారాలదాకా ఆగాలి. ఒక మగదానికి మూడు నాలుగు ఆడవి ఉండేలా చూసుకుని, మిగిలిన మగవాటిని వేరే గూట్లోకి మార్చండి. లేదంటే ఆ నెత్తుల మీద గాయాలు ఈసారి మూత వల్ల కావు.